“సామ్రాజ్య గమనం పడమటికే”: ఒక పద్యపాదం, ఒక శిలాముద్రణ చిత్రం

న్యూయార్క్‌లోని కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ 1868లో అచ్చువేసిన ‘అక్రాస్ ది కాంటినెంట్’ చిత్రం అడుగున ఉన్న “సామ్రాజ్య గమనం పడమటి దిక్కుగా సాగుతుంది” అన్న వాక్యం ఎక్కడిదని మిత్రులొకరు అడిగారు. ఐర్లండ్ తత్త్వవేత్త జార్జ్ బర్క్లీ 1726లో రాయగా 1752లో అచ్చయిన పద్యంలో, కడపటి చరణానికి అది మొదటి పాదం.

చరణం మొత్తం చదివితే అర్థం వేరుగా ఉంటుంది. చరిత్ర అయిదంకాల నాటకమనీ, నాలుగంకాలు గడిచిపోయాయనీ, అయిదోది పగటితోపాటే నాటకాన్ని ముగిస్తుందనీ, కాలానికి కడగొట్టు సంతానమే అన్నిటికన్నా ఉత్తమమైనదనీ కవి అంటాడు. ఆయన కోరుకున్నది అమెరికాలో కళలూ విద్యలూ నాటుకోవడం. పైగా సూర్యుడి నడకతో పోల్చిన ఆ గమనానికి అస్తమయం తప్పదు. చిత్రం అడుగున మొదటి పాదమొక్కటే మిగిలింది కాబట్టి అంకాలూ పోయాయి, అస్తమయమూ పోయింది, ఎడతెగని ప్రయాణం మాత్రం నిలిచింది.

ఆ ఖాళీని చిత్రంలోని పల్లె నింపుతుంది. ఎడమవైపు దుంగల ఇళ్లు, బడి అని రాసి ఉన్న కట్టడం, దాని ముందు పిల్లలు, చెట్లు నరికే మనుషులు, పడమటికి కదిలే గుడారపు బండ్లు ఉన్నాయి. రైలుపట్టాలు దృశ్యాన్ని ఏటవాలుగా చీలుస్తాయి; ఆవలి పక్కన గుర్రాలమీద ఆగిన ఇద్దరు ఆదివాసుల దారిని ఇంజను పొగ కమ్మేస్తుంది. వారి పక్కన ఊరు లేదు, ఇల్లు లేదు, పిల్లలు లేరు. ఈ చిత్రంలోని అసలు రాజకీయం అదేనని నా దృఢమైన అభిప్రాయం: పల్లె ఎంత ముచ్చటగా ఉంటే, ఆ నేల అంతకు ముందు ఎవరిదన్న ప్రశ్న అంత దూరమవుతుంది. పడమటికి వలస వచ్చినవారికి 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే చట్టం అమెరికాలో అప్పటికే, 1862లోనే వచ్చింది. ఈ చిత్రాన్ని గీసిన ఫానీ పామర్ ఇంగ్లండ్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ చిత్రకారిణి. ఆ పడమటి నేలను ఆమె కళ్లారా చూడలేదు.

క్రియారూపాన్ని కూడా గమనించాలి. కవి వాడిన వర్తమానకాలం సూర్యోదయంలాంటి నిత్యసత్యాలను చెప్పే తద్ధర్మార్థంలో ఉంది కనుక, ఎవరి నిర్ణయమూ లేకుండా జరిగిపోయే పనిలా వినిపిస్తుంది. రైలుపెట్టె మీద ‘న్యూయార్క్–శాన్‌ఫ్రాన్సిస్కో’ అని రాయడమూ అటువంటిదే. చిత్రం అచ్చయ్యేనాటికి ఆ దారి ఇంకా పూర్తికాలేదు; తూర్పు, పడమర పట్టాలు అమెరికా పడమటి ప్రాంతమైన యూటాలో కలిసింది ఆ మరుసటి ఏడు, 1869 మే 10న.