మెల్‌బోర్న్‌లో ఇల్లు అమ్ముతున్నాం, కన్వేయన్సర్‌ను ఎలా ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. టార్నీట్‌లోని మా ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. కొన్నప్పుడు కన్వేయన్సర్‌గా, అంటే ఇల్లు చేతులు మారే కాగితాల పని చూసేవారుగా, బిల్డరు చెప్పినవాళ్లతోనే పని కానిచ్చాం. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవడం. ఈసారి ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు ఒక కన్వేయన్సర్ పేరు రాసిచ్చారు. ఏజెంటుకు అమ్మకం త్వరగా తెమలాలి, మాకు కాగితాలు పక్కాగా ఉండాలి. అందుకే వెనకాడుతున్నాను.

విక్టోరియాలో కొనేవారు సంతకం పెట్టకముందే సెక్షన్ 32 పత్రం (ఇంటి గురించి అమ్మేవారు ఇచ్చే వివరాల పత్రం) వారికి ఇవ్వాలి. గత 7 ఏళ్లలో వచ్చిన నిర్మాణ అనుమతుల వివరాలూ అందులో ఉండాలి. మేము 2021లో పెరటి వైపు పెర్గోలా (స్తంభాల మీద నిలిపే పందిరి) వేయించాం. బిల్లు ఉంది, అనుమతి కాగితం మాత్రం ఏ ఫైల్లోనూ దొరకడం లేదు. రెండు రాత్రులుగా అదే దిగులు. ఇలాంటి చిక్కును లైసెన్సు ఉన్న కన్వేయన్సర్ విడదీయగలరా, లాయరు దగ్గరికే వెళ్లాలా?

ఒకరు చెప్పిన ఫీజు తక్కువే, కానీ టైటిల్ సెర్చి (యాజమాన్య రికార్డు తీయించడం), కౌన్సిల్ సర్టిఫికెట్ల ఖర్చు వేరట. మొత్తం ఎంతవుతుందో రాసిమ్మని ముందే అడగవచ్చా? పన్నుల శాఖ క్లియరెన్స్ సర్టిఫికెట్ లేకపోతే కొనేవారు ధరలో 15 శాతం పన్ను కింద పట్టుకుంటారు కదా, దానికి దరఖాస్తు మేమే చేసుకోవాలా?

ఈమధ్య ఇల్లు అమ్మినవారు మీరు ఏమేమి అడిగి చూసి కుదుర్చుకున్నారో దయచేసి చెప్పండి.