వానాకాలంలో టిప్పర్ల సంఖ్య ఎలా ఖాయం చేస్తున్నారు?

మట్టి తవ్వకం పని. 20 టన్నుల ఎక్స్‌కవేటర్ ఒకటి, 1 ఘనపు మీటరు బకెట్, 14 ఘనపు మీటర్ల టిప్పర్లు. నేల పొడిగా ఉంటే బకెట్ 90 శాతం నిండుతుంది, ఒక్కో విసురుకు (తవ్వి, తిరిగి, టిప్పర్‌లో పోసి రావడానికి) 20 సెకన్లు. అంటే 16 బకెట్లు, టిప్పర్ సర్దుకోవడంతో కలిపి లోడింగ్‌కు 6 నిమిషాలు. పోయి, దించి, తిరిగి రావడానికి 24. మొత్తం 30ని 6తో భాగిస్తే 5 టిప్పర్లు, లెక్క సరిపోతుంది.

వాన పడితే రెండు రకాలుగా చెడుతోంది. దారి జారుడైతే రాకపోకలకే 36 నిమిషాలు, 7 టిప్పర్లు కావాలి. దారి బాగుండి గుంతలో బంకమన్ను తడిస్తే లోడింగే 9 నిమిషాలు (మన్ను బకెట్‌కు అంటుకుని సగం దిగదు), అప్పుడు 4 చాలు.

చేసి చూసినవి: నెలంతా 7 ఉంచితే పొడి రోజుల్లో రెండు వరుసలో ఊరికే నిలబడ్డాయి, 200 గంటల కనీస బాడుగ మాత్రం తప్పలేదు. 5 ఉంచి అవసరమైనప్పుడు పిలిస్తే బండ్లు వచ్చేసరికి రెండు రోజులు, ఈలోగా దారి ఆరిపోయేది. బాగా దిగబడే 300 మీటర్లలో 150 మి.మీ. కంకర పరిస్తే కొంత మేలు, కానీ ఎత్తు ఎక్కే చోట జారడం పోలేదు. సగటు సైకిల్ టైమ్ (ఒక టిప్పర్ నిండి, పోయి, దించి, తిరిగి వచ్చేదాకా పట్టే మొత్తం సమయం) పట్టుకుని ప్లాన్ చేయడం మాత్రం శుద్ధ దండగ. ఆ సగటు రోజు ఎప్పుడూ రాదు.

5 టిప్పర్లు స్థిరంగా ఉంచి మిగతా 2 స్టాండ్‌బై ఒప్పందంలో పెట్టాలనుకుంటే, వాటిని పిలవడానికి మీరు దేన్ని గుర్తుగా పెట్టుకుంటున్నారు: వాన అంచనానా, ఆ రోజు మొదటి గంటలో కొలిచిన సైకిల్ టైమా?