నిజం క్లాసు వీడియో: పిల్లల మాటలు వినపడాలంటే ఏం చేయాలి?

చీపురుపల్లి_లెక్కలు:
కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశంలో) చూపించడానికి మూడో తరగతి తీసివేతల పాఠం వీడియో తీయాలి. ఉన్నది ఒక ఫోను, ఒక స్టాండు. ట్రయల్‌లో టీచరు గొంతు తప్ప పిల్లల మాట తేలలేదు, అంతా ఫ్యాను హోరే. బోర్డు మీద కిటికీ వెలుగు మెరుస్తోంది. 45 నిమిషాల పాఠాన్ని ఎంతకి కుదించాలి? తల్లిదండ్రుల సంతకాలు తప్పవా?

వంశధార_మాస్టారు:
ముందు సౌండు సంగతి చూడండి. బొమ్మ మసకైనా పాఠం అర్థమవుతుంది, మాట పోతే ఏమీ మిగలదు. మాట్లాడే వాళ్లకు దూరం రెట్టింపైన కొద్దీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఫ్యాను హోరు మాత్రం గదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుకే వెనక గోడ దగ్గరి ఫోనుకి పిల్లలు దక్కరు. ఇంకో పాత ఫోనులో రికార్డర్ ఆన్ చేసి, మడత పెట్టిన తువ్వాలు మీద పిల్లల మధ్యన పెట్టండి, దాని పైనున్న ఒక్క ఫ్యాను ఆపితే చాలు. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, తర్వాత రెండు రికార్డింగులూ ఆ చప్పుడు దగ్గర కలుపుకోవచ్చు. టీచరుకి కాలర్ మైకు ఉంటే గడ్డానికి జానెడు కింద, పైట రాసుకోని చోట పెట్టాలి. రేకుల గది అయితే వానలో తీయకండి.

కెమెరా కిటికీ వైపు గోడకే ఉండాలి, కిటికీ ఫ్రేములో పడకూడదు. బోర్డు మీద మెరుపు పోయేదాకా కెమెరాని రెండడుగులు అటూ ఇటూ జరపండి, పోకపోతే ఆ ఒక్క కిటికీ రెక్క మూయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా సెట్టింగుల్లో షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టకపోతే ట్యూబులైటు చారలు పడతాయి. 1080 క్వాలిటీలో 45 నిమిషాలకి దాదాపు 6 జీబీ అవుతుంది. ఫ్లైట్ మోడ్ మరిచిపోకండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

రాజాం_టీచరమ్మ:
సంతకాలు తప్పవు మాస్టారూ. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో ఒప్పుకోవాలి. మన దగ్గర చిక్కేటంటే, అమ్మానాన్నలు పనికి హైదరాబాదో చెన్నయ్యో వెళ్తే ఇంట్లో నానమ్మే ఉంటుంది. ఆవిడ వేలిముద్రతో సరిపెట్టకండి, తల్లికి ఫోన్ చేసి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. కాగితంలో శిక్షణకు ఒక గడి, యూట్యూబుకి వేరే గడి. రెండూ కలిపేస్తే చాలామంది కాదంటారు, అది సబబే. ఒప్పుకోని వాళ్ల గుంటల్ని బయటకి పంపకండి, కెమెరా పక్కన ఫ్రేముకి అందని చోట కూర్చోబెట్టండి. పాఠంలో వాళ్లూ ఉండాలి.

నాగావళి_ఒడ్డు:
ఒక్క ఫోను చాలదని బెంగ వద్దు. లెక్కలు, సైన్సు చదువుల్ని దేశాల మధ్య పోల్చే టిమ్స్ వాళ్ల 1995 వీడియో అధ్యయనంలో జర్మనీ, జపాన్, అమెరికాల్లో 231 ఎనిమిదో తరగతి లెక్కల పాఠాలు ఒక్కొక్క కెమెరాతోనే తీశారు.

అసలు తప్పు ఎడిటింగులో జరుగుతుంది. ప్రశ్న అడిగాక ఉండే నిశ్శబ్దాన్ని ‘ఖాళీ’ అని కోసేస్తారు. టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల నిడివి పెరుగుతుందనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపింది. ఆ నిశ్శబ్దం తీసేస్తే నేర్పేదేముంటుంది? 52 − 27కి ఎవరో 35 అంటారు, 7లోంచి 2 తీసేసి. ఆ తప్పు, దాని మీద టీచరు అడిగిన ప్రశ్న, పిల్ల దిద్దుకోవడం, ఈ మూడూ కోత లేకుండా ఒకే ముక్కగా ఉంచండి. అలాంటి ముక్క 6 నుంచి 8 నిమిషాలు వస్తుంది. పూర్తి పాఠం వేరే ఫైలుగా దాచండి.

చీపురుపల్లి_లెక్కలు:
ముందురోజు ఒకసారి రిహార్సల్ చేయిద్దామా?

నాగావళి_ఒడ్డు:
వద్దు, ఆ 35 రాదు. రెండు రోజుల ముందునుంచి స్టాండు, ఫోను ఊరికే గదిలో ఉంచండి, పిల్లలు దాన్ని చూడ్డం మానేస్తారు.