క్రిస్పీకి తెలుగు మాట: కరకరా, గుల్లా?

ప్రశ్న: కేజన్ ఫ్రైస్ (మసాలా కారప్పొడి చల్లే బంగాళాదుంప ముక్కలు) తయారీ తెలుగులో రాస్తున్నానండీ, పిండిలో ముంచి వేయించే రకం. ‘క్రిస్పీ’కి ‘కరకరలాడే’ అంటే సరిపోతుందా? మాది అమలాపురం.

జవాబు: సరిపోదండీ. కరకర అన్నది చప్పుడు. నోట్లో వేయగానే విరిగే అప్పడమూ కరకరే, పంటికి రాయిలా తగిలే జంతికా కరకరే. ఆ తేడా చెప్పాలంటే మన గోదావరి జిల్లాల్లో పిండివంటల దగ్గర వినబడే మాట ‘గుల్ల’. "జంతికలు గుల్లగా వచ్చాయమ్మా" అన్నారంటే పైన కరకర, లోపల గాలి నిలిచిన సన్నటి డొల్ల, పన్ను పడగానే పొడిపొడి అవుతుందని. నత్తగుల్లలో, గుల్లసున్నంలో ఉన్నదీ ఈ మాటే. అప్పులతో ఇల్లు గుల్లయిందనీ అంటాం. అంత ఏడిపించే మాట వంటింట్లో మెప్పు కావడం నాకు భలే ఇష్టం.

మీ ఫ్రైస్‌కి కావాల్సిందీ గుల్లదనమే. మైదా ఒక్కటే వేసి బాగా గిలక్కొడితే జిగురు సాగి పైపొర తోలులా వస్తుంది. అందుకే కార్న్‌ఫ్లోరో, మన బియ్యప్పిండో కలిపి, చల్లటి నీళ్ళతో బజ్జీల పిండికన్నా జారుగా, పైపైన కలపాలి. బంగాళాదుంప ముక్కల్ని సగం ఉడికించి, తడి లేకుండా ఆరబెట్టి ముంచాలి. మొదటిసారి నూనె 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేయించి తీసి, కాసేపు ఆరనిచ్చి, మళ్ళీ 190 దగ్గర వేయించాలి. ముక్క చుట్టూ బుడగలు బాగా తగ్గాయంటే పైపొరలో తేమ పోయినట్టే. అప్పుడు తీసేయండి. పైన చల్లే పొడిని వేడి మీదే చల్లాలి.

ప్రశ్న: ‘కేజన్ సీజనింగ్’ని గరం మసాలా అనొచ్చా?

జవాబు: వద్దండీ, చదివేవాళ్ళు లవంగం, చెక్క వేసేస్తారు. ‘కేజన్ కారప్పొడి’ అనండి. కేజన్ అన్నది ఒక జనం పేరు. కెనడా తూర్పు తీరంలోని అకేడియా నుంచి 1755లో బ్రిటిష్‌వాళ్ళు ఫ్రెంచి కుటుంబాలను వెళ్ళగొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళలో చాలామంది చివరికి ఇప్పటి అమెరికాలోని లూసియానా చేరారు. ‘అకేడియన్’ జనం నోళ్ళలో నలిగి ‘కేజన్’ అయింది. ఆ పేరు తీసేయడం నాకు న్యాయంగా అనిపించదు. పొడిలో పాప్రికా, ఎండుకారం, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాలు, ఒరెగానో, థైమ్ ఉంటాయి. థైమ్ బదులు వాము అని మాత్రం రాయకండి. రెండింటిలోనూ థైమాల్ అనే వాసన పదార్థం ఉండి వాసన కలిసినా మొక్కలు వేరు, వాము ఘాటు చాలా ఎక్కువ.