‘వర్క్ పెర్ఫార్మ్డ్’: రెండు మాటలకు తెలుగు కావాలి

అమెరికా రచయిత జాక్ లండన్ ‘మార్టిన్ ఈడెన్’ (1909) నవలలో కొన్ని అధ్యాయాలను నా తృప్తి కోసం తెలుగు చేసుకుంటున్నాను. రెండు మాటల దగ్గర వారం రోజులుగా బండి కదలడం లేదు. అవి ‘వర్క్ పెర్ఫార్మ్డ్’.

చదవనివారి కోసం సందర్భం చెబుతాను. మార్టిన్ ఓక్లాండ్ కుర్రవాడు, ఓడ కళాసీ. రూత్ అనే చదువుకున్న అమ్మాయిని ప్రేమించి, రచయిత కావాలని పట్టు పడతాడు. రోజుకు ఐదు గంటలే నిద్ర, మిగతాదంతా చదువూ రాతా. కథలు టపాలో వెళ్తాయి, టపాలోనే తిరిగొస్తాయి. అవతల సంపాదకుడనే మనిషే లేడనీ, కవరు మార్చి స్టాంపు అంటించే పళ్ల చక్రాలే ఉన్నాయనీ అనుకుంటాడు. సూటు తాకట్టుకు పోతుంది, సైకిలూ పోతుంది. మొదట అచ్చుకు తీసుకున్న ఐదు వేల మాటల కథకు పత్రిక కట్టిన వెల ఐదు డాలర్లు, అంటే సెంటుకు పది మాటలు!

తర్వాత ఒక్కసారిగా పేరు, డబ్బు. అందరూ భోజనానికి పిలవడం మొదలుపెడతారు. చివరికి అక్క మొగుడు హిగిన్‌బాథమ్ కూడా. ఆ బావగారి దుకాణం మీది ఇంట్లో ఆదివారం భోజనానికి కూర్చుని, పైకి అరవకుండా అతికష్టం మీద నోరు నొక్కుకుంటాడు. ఆ పనంతా అప్పటికే అయిపోయింది కదా, అప్పుడు నన్ను పస్తులుంచి, గడప తొక్కనివ్వకుండా ఇప్పుడెందుకు పెడుతున్నావు అని. ఈ రెండు మాటలు అతని తలలో పల్లవిలా తిరుగుతాయి. అందుకని నాకు కావలసింది వివరణ కాదు, నాలుగైదు చోట్ల తిరిగి వచ్చినా విసుగు పుట్టని చిన్న మాట.

*

‘చేసేసిన పని’ అనండి, సరిపోతుంది.

*

సరిపోదండీ. ‘చేసేసిన’లో వదిలించుకున్న ధ్వని ఉంది. అంట్లు తోమేశాను, బిల్లు కట్టేశాను అంటామే, అలా. మార్టిన్ రాతను వదిలించుకోలేదు, ప్రాణం పెట్టి రాశాడు.

మన సహాయక క్రియలతో వచ్చిన చిక్కే ఇది. అన్నం సంగతే చూడండి. వండిన అన్నం అంటే మామూలు మాట. వండేసిన అన్నం అంటే ఇక దాని గురించి చేసేదేమీ లేదు. వండి ఉంచిన అన్నం ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. వండి పెట్టిన అన్నం వెనక ఒక చెయ్యి ఉంది, ఎదురుగా తినే మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు మాట వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు, ఏ ఒక్కదాన్నీ కాదనదు. మనం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న మరుక్షణం లేని అర్థం వచ్చి కూర్చుంటుంది.

నన్ను ఊరించినది ‘చేసి పెట్టిన పని’. ఎందుకంటే తర్వాతి వాక్యంలో తిండి పెట్టడం ఉంది. ‘పని అప్పటికే చేసి పెట్టాను, నువ్వు అన్నం ఇప్పుడు పెడుతున్నావు’ అంటే చెవికి ఎంత బాగుందో! కానీ అబద్ధం. బావగారి కోసం అతను చేసి పెట్టిందేమీ లేదు. చెవికి బాగున్నదల్లా అనువాదం కాదని ఇష్టం లేకుండానే ఒప్పుకుంటున్నాను.

*

చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నా మాట కూడా వినండి. మీరు వెతుకుతున్నది మన దగ్గర వెయ్యేళ్లుగా ఉంది: కృతి. ‘కృ’ ధాతువు నుంచి వచ్చింది. చేయడం అన్నా అదే, చేసినదీ అదే, కావ్యమూ అదే. ఇంగ్లీషు ‘వర్క్’లో శ్రమ, రచన కలిసి ఉన్నట్టే ఇందులోనూ ఉన్నాయి.

పైగా పోలిక చూడండి. మనుచరిత్రలో రాయలవారు ‘కృతి రచింపుము మాకు’ అని పెద్దనను ముందే అడిగారు. ఆదరణ ముందు, కావ్యం తర్వాత. పెద్దన పేరు మీద ‘నిరుపహతి స్థలంబు’ అనే చాటువు ఒకటి ఉంది. ఏ ఇబ్బందీ లేని చోటు, కర్పూర తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాల మంచం, ఇవన్నీ ఉంటేనే కావ్యం వస్తుందట! మీ మార్టిన్‌ది తలకిందులైన కథ. కృతి ముందు వచ్చింది, భోజనం తర్వాత వచ్చింది. వచ్చిన భోజనం గొంతు దిగలేదు.

*

మాస్టారూ, పోలిక అద్భుతంగా ఉంది. కానీ కృతి అనగానే దాన్ని పుచ్చుకునే కృతిపతి, అంకితం, పట్టుశాలువా అన్నీ వెంట వస్తాయి. మార్టిన్ బట్టల లాండ్రీలో ఒళ్లు హూనం చేసుకున్నవాడు. అతని నోట ఆ మాట పెట్టలేను.

మీరు చెప్పాక నాకు వేరే సంగతి తట్టింది. నవల సగం పైగా అందరూ అతనికి చెప్పేది ఒకటే: ఏదైనా పని చూసుకో. అక్క అదే అంటుంది, రూత్ అదే అంటుంది. రాస్తూ కూర్చున్నవాడు వాళ్ల లెక్కలో పనీపాటా లేనివాడు. అలాంటివాడు చివర్లో ‘అది పని’ అంటున్నాడు. అంటే ‘పని’ అనే మాటను కదపకూడదు. కృషి, శ్రమ, సాధన, ఏది పెట్టినా వాళ్ల నోటి మాటను వాళ్ల మీదకే తిప్పి కొట్టడం పోతుంది. ఇంతకాలం ‘పెర్ఫార్మ్డ్’ దగ్గర తల బద్దలు కొట్టుకున్నాను, అసలు కీలకం ‘వర్క్’ దగ్గర ఉంది.

*

అయినా ‘పెర్ఫార్మ్డ్’ను అంత తేలిగ్గా వదలకండి. అది కవిత్వపు మాట కాదు, కాంట్రాక్టరు బిల్లులో కనిపించే మాట. చేసిన పనికి కూలి అడిగే గొంతు అది. కాబట్టి మామూలు ‘చేసిన పని’ చాలు. తక్కువైందల్లా కాలం. అది ‘అప్పుడు’ అన్న మాటతో వచ్చేస్తుంది. ‘ఎప్పుడో’ మాత్రం వద్దు, అందులో నిర్లక్ష్యం ఉంది, దూరం ఉంది. అతనికి ఆ రోజులు దూరం కాలేదు.

*

నేను చేర్చేది ఒక్క అక్షరం: ‘పనే’. ఆ ఏకారం తీసేస్తే సమాచారం, ఉంచితే నిలదీత.

*

అందరికీ కృతజ్ఞతలు. ఆ విందు ఘట్టం ప్రస్తుతానికి ఇలా వచ్చింది:

‘అప్పుడు చేసిన పనే, బావా! ఆ తర్వాత నేను కొత్తగా చేసిందేమీ లేదు. ఇప్పుడు కొసరి కొసరి వడ్డిస్తున్నావు, అప్పుడు పస్తులుంచావు. పని చూసుకోలేదని తిట్టావు.’

ఇందులో రెండో వాక్యం మూలంలో ఆ చోట లేదు, సంగతి స్పష్టం కావాలని నేనే చేర్చాను. తీసేయాలేమో. ‘బావా’ విషయంలోనూ సందేహమే. అమెరికా దుకాణదారు ఉన్నట్టుండి మన పెద్దబావ అయిపోయాడు.

*

ఆ రెండో వాక్యం తీసేయండి, ఏకారం ఆ పని చేస్తూనే ఉంది. బావను మాత్రం ఉంచండి. ఆకలి వేసినప్పుడు పెట్టనివాడు పరాయివాడైతే ఇంత కోపం ఉండదు.