మట్టి కుండీ అతుకు తడికి విడిపోతోంది, లోపల పూత ఎంతమేర వేయాలి?

14 అంగుళాల మట్టి కుండీ అంచు నుంచి అడుగు దాకా నిలువునా రెండు ముక్కలైంది. పగిలిన అంచులను బ్రష్‌తో రుద్ది కడిగి, రెండు రోజులు ఎండబెట్టాను. రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురును సమపాళ్లలో కలిపి అతికించి, తాడుతో బిగించి 24 గంటలు కదపలేదు. పొడిగా ఉన్నంతకాలం గట్టిగానే ఉంది. మట్టి నింపి రోజూ నీళ్లు పోస్తే మూడు వారాలకు అడుగు నుంచి విచ్చుకుంది. ఊడిన జిగురు పొర మీద సన్నటి ఎర్రపొడి, అతుకు పక్కన తెల్లటి ఉప్పు చార. అంటే జిగురు పట్టు బాగానే ఉంది, దాని వెనకున్న మట్టే నాని రాలుతోందని నా అంచనా. సిమెంటు పాలు కూడా పూశాను. పొడి కుండీ అందులోని నీటిని పీల్చేయడంతో పూత ఆరకముందే నెర్రెలిచ్చింది. కుండీ గోడ గాలి పీల్చడం వేళ్లకు మంచిది కాబట్టి లోపలంతా మూసేయడం ఇష్టం లేదు. మళ్లీ అతికించాక, లోపల అతుకు వెంబడి రెండు అంగుళాల పట్టీగా వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే సరిపోతుందా, లేక లోపలి గోడంతా పూయక తప్పదా?