“ఒట్టి సిద్ధాంతమే కదా” అనే మాట గురించి

నిన్న జీవపరిణామం మీద చర్చ నడుస్తుంటే ఒకాయన “అది ఒట్టి సిద్ధాంతమే కదండీ, రుజువైందేం కాదుగా” అన్నారు. సైన్సు సంగతి మిగతావాళ్లు చెప్పారు కాబట్టి నేను కల్పించుకోలేదు. కానీ ఆ వాక్యం మాత్రం రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే తెలుగులో అది తనని తానే కొట్టేసుకునే వాక్యం.

సిద్ధం, అంతం. సిద్ధించిన ముగింపు. పాత శాస్త్రచర్చల్లో ముందు పూర్వపక్షం చెబుతారు, అంటే ఎదుటివాడి అభ్యంతరాన్ని, అదీ వీలైనంత బలంగా. దాన్ని అన్ని వైపుల నుంచీ పరీక్షించి, కాదనాల్సినదాన్ని కాదని, చివరికి నిలబడినదాన్నే సిద్ధాంతం అంటారు. అలాంటి మాటకి ముందు “ఒట్టి” అని తగిలిస్తే ఏమవుతుంది? “ఒట్టి రుజువైన విషయమే కదా” అన్నట్టు ఉంటుంది.

ఇది ఇంగ్లీషు థియరీతో పాటు వచ్చిన చిక్కు అని నా అభిప్రాయం. ఆ భాషలో ఆ మాటకి రెండు బతుకులున్నాయి, శాస్త్రంలో ఒకటి, వాడుకలో ఊహ అనే ఇంకొకటి. మనం శాస్త్రం కోసం సిద్ధాంతం అని పెట్టుకున్నాం, బాగానే పెట్టుకున్నాం, కానీ ఆ రెండో అర్థం కూడా వెనకే వచ్చి మన మాట మీద కూర్చుంది. తాళంచెవులు కనిపించకపోతే “అవి ఎక్కడున్నాయో నాకో సిద్ధాంతం ఉంది” అని తెలుగు మనిషి ఎవరైనా అంటారా? “నా అనుమానం”, “నాకేమనిపిస్తోందంటే” అంటాం. ఊహకి మనకి మాటలు కావలసినన్ని ఉన్నాయి.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని తీసుకోండి. వేగాన్ని బట్టీ గురుత్వాకర్షణని బట్టీ కాలం నడక మారుతుందని అది చెబుతుంది. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీది గడియారాల కంటే రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి 45 ముందుకెళతాయి, తేడా 38. కాంతి ఒక్క మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది, కాబట్టి ఈ తేడాని సరిచేయకపోతే ఒక్క రోజులోనే దూరాల లెక్కలో దాదాపు 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. మన ఫోనులో దారి చూపించే చుక్క ఈ “ఒట్టి సిద్ధాంతం” మీదే నిలబడి ఉంది.

ఇంకో పొరపాటు కూడా వింటుంటాను, సిద్ధాంతం రుజువైతే నియమం అవుతుందని, అది ఏదో ప్రమోషన్ అయినట్టు. నియమం ఏం జరుగుతుందో చెబుతుంది, సిద్ధాంతం ఎందుకు జరుగుతుందో చెబుతుంది. రెండు వస్తువుల మధ్య ఆకర్షణ ఎంతో న్యూటన్ నియమం చెప్పింది. ఆ ఆకర్షణ అసలేమిటో 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పింది. ఒకటి ఇంకొకటిగా మారదు.

*

అక్కా, నేను లెక్కలు చెబుతాను, నాకు ఇంకో బాధ ఉంది. పైథాగరస్ సిద్ధాంతం, శేష సిద్ధాంతం, ద్విపద సిద్ధాంతం, ఇవన్నీ ఇంగ్లీషులో థీరమ్‌లు. థియరీకీ సిద్ధాంతమే, థీరమ్‌కీ సిద్ధాంతమే. పైథాగరస్‌ది ఒకసారి నిరూపించాక ఎప్పటికీ మారదు, విజ్ఞానశాస్త్రంలో మాత్రం కొత్త ఆధారం వస్తే సవరిస్తారు. ఈ రెండూ ఒకటే రకం అనుకుని పెరిగిన పిల్లవాడు, శాస్త్రజ్ఞులు ఏదో సవరించారని వార్త చదవగానే “అయితే ఇన్నాళ్లూ అబద్ధం చెప్పారన్నమాట” అనుకుంటాడు. మా తరగతిలో ఈ ప్రశ్న నిజంగా వచ్చింది. మీరు చెప్పిన “సిద్ధించిన ముగింపు” అర్థం ఆ పిల్లవాడి అనుమానాన్ని ఇంకా పెంచుతుందేమో ఆలోచించండి.

*

తమ్ముడూ, నువ్వన్నది ఒప్పుకోవాల్సిందే. థీరమ్‌కి వేరే మాట ఉంటే ఎంత బాగుండేదో. కానీ “ఇక మారదు” అనే అర్థం సిద్ధాంతం అనే మాటలో పుట్టుకతో ఉందా అంటే లేదనే అంటాను. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతిక అనే గ్రంథంలో అయిదు ఖగోళ సిద్ధాంతాలను పక్కపక్కన పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. పౌలిశం కచ్చితంగా ఉందని, రోమకం దానికి దగ్గరగా ఉందని, సూర్య సిద్ధాంతం ఇంకా స్పష్టమని, మిగిలిన రెండూ “దూరవిభ్రష్టౌ”, అంటే బాగా దూరం తప్పిపోయాయని తీర్పు చెప్పాడు. చూడు, తప్పాయన్న తర్వాత కూడా వాటిని సిద్ధాంతాలనే అన్నాడు. అంటే ఆకాశంలో కనిపించేదానితో సరిపోల్చి చూడటం, ఒకదాని కంటే ఇంకొకటి మెరుగని తేల్చడం, ఇదంతా ఆ మాట లోపలే ఉంది. ఈసారి తరగతిలో ఇది చెప్పి చూడు. పరీక్షకి నిలిచింది కాబట్టి సిద్ధాంతం, రేపు మళ్లీ పరీక్ష పెట్టవచ్చు. పరీక్షే పెట్టనిది ఊహ.

*

నమస్కారం అండీ. నేను కొన్నాళ్లు వార్తల డెస్కులో పనిచేశాను. మీరు అసలు దోషిని వదిలేశారు, “కుట్ర సిద్ధాంతం”. నేనే ఎన్నోసార్లు రాశాను, ఇంగ్లీషు వార్త ముందుంటే చేయి దానంతటదే అలా రాసేస్తుంది. చంద్రుడి మీద మనిషి దిగలేదన్నా కుట్ర సిద్ధాంతమే, సెల్ టవర్ల వల్ల కరోనా వచ్చిందన్నా కుట్ర సిద్ధాంతమే. ఆధారం లేని పుకారుకీ, డార్విన్ చెప్పినదానికీ ఒకే బిరుదు ఇచ్చాక, చదివేవాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టడంలో వాళ్ల తప్పు ఎంత? మరి దీనికి ఏం రాయాలి?

*

ఇది నాకు తట్టనే లేదండీ, మీరు చెప్పాక చూస్తే ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం అనిపిస్తోంది. “కుట్ర కథ” అని రాస్తే చాలదా? కథ అల్లాడు అంటే తెలుగులో ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. మరీ తేలిక చేసినట్టు ఉంటుందనుకుంటే “కుట్ర వాదన”. వాదన ఎవరైనా చేయవచ్చు, దానికి ఇంకా తీర్పు రాలేదని ఆ మాటే చెబుతుంది. సిద్ధాంతం అనకపోతే చాలు.

అలాగని ఊహలని చిన్నచూపు చూడమనడం లేదు. ఖండాలు కదులుతున్నాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు వెగెనర్ 1912లో అన్నప్పుడు చాలామంది భూవిజ్ఞానులు కొట్టిపారేశారు. వాటిని కదిలించే బలం ఏదో ఆయన సరిగా చెప్పలేకపోయాడు కూడా. ఆయన 1930లో చనిపోయాడు. 1960ల్లో సముద్రం అడుగున రాళ్లలో అయస్కాంత గుర్తులు చదవగలిగాక, ఆ ఊహ పలక విరూపక సిద్ధాంతంలో, అంటే భూమి పైపొర కదిలే పలకలుగా ఉందని చెప్పే సిద్ధాంతంలో, భాగమైంది. ఊహకి ఆ అర్హత వచ్చింది ఆధారాల వల్ల. కుట్ర కథ అల్లేవాళ్లు ఆ పని చేయకుండానే బిరుదు అడుగుతున్నారు, మనం అనువాదంలో ఇచ్చేస్తున్నాం.

*

మేడం, ఒక్క అభ్యంతరం. నెపమంతా ఇంగ్లీషు మీదకే నెట్టకండి. “పార్టీ సిద్ధాంతాలు”, “ఆయన సిద్ధాంతాల కోసం బతికాడు” అంటాం కదా. అక్కడ సిద్ధాంతం అంటే రుజువైనది కాదు, ఒకరు నమ్మినది. ఆ అర్థం తెలుగు వాడుకలో బాగా పాతుకుపోయింది. “ఒట్టి సిద్ధాంతమే” అన్నాయన మనసులో ఉన్నది ఈ అర్థమేమో, “అది మీ నమ్మకం, ఇది నా నమ్మకం” అని.

*

మంచి మాట, నేను రాసిందాంట్లో ఆ లోటు ఉంది. అయితే ఈ తేడా పాతవాళ్లకీ తెలుసు. న్యాయసూత్రాల్లో, అంటే పాత తర్కశాస్త్ర గ్రంథంలో, సిద్ధాంతాన్ని నాలుగు రకాలు చేశారు. ఏ శాస్త్రమూ కాదననిది సర్వతంత్ర సిద్ధాంతం. ఒక సంప్రదాయం వాళ్లు మాత్రమే ఒప్పుకుని ఇతరులు ఒప్పుకోనిది ప్రతితంత్ర సిద్ధాంతం. మిగతా రెండూ ఇక్కడ మనకి అక్కర్లేదు. పార్టీ సిద్ధాంతం ఆ రెండో గూటికి చెందుతుంది. పరిణామం అలా కాదు, శిలాజాలు చూసేవాళ్లూ డీఎన్ఏ చదివేవాళ్లూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశారు. ఎదుటివాళ్లు “సిద్ధాంతమే” అన్నప్పుడు ఏ రకం సిద్ధాంతం అని మర్యాదగా అడగాలి. నిన్న నేను అడగాల్సింది అదే, అడగలేదు.

*

అక్కా, మరి “రాద్ధాంతం” సంగతేంటి? చిన్నప్పటి నుంచీ సిద్ధాంతానికి అది ప్రాస కోసం పుట్టిన మాట అనుకున్నాను.

*

ప్రాస కోసం కాదమ్మా. అమరకోశంలో “సమౌ సిద్ధాంతరాద్ధాంతౌ” అని ఉంది, రెండూ సమానార్థకాలని. రాద్ధం అన్నా సిద్ధించినదే. రాద్ధాంతం అంటే పరీక్షించి తేల్చిన నిర్ణయం. ఇప్పుడు తెలుగులో “ఎందుకీ అనవసర రాద్ధాంతం” అంటే ఏదీ తేలని గొడవ అని. ఒకే అర్థంతో మొదలైన జంట మాటల్లో ఒకటి పూర్తిగా తలకిందులైపోయింది, దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు, తేవాలని ప్రయత్నిస్తే ఎవరికీ అర్థం కాదు కూడా. రెండోది ఇంకా పాఠ్యపుస్తకాల్లో తన అర్థంతోనే ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

డెస్కులో పనిచేసిన వారూ, మీకు తెలిసిన వాళ్లు ఎవరైనా ఇప్పటికీ అక్కడ ఉంటే “కుట్ర కథ” సంగతి ఒకసారి వాళ్ల చెవిన వేయగలరా?